ఎనిమిది మిరపకాయలు

ఈ ఊర్ల తుమ్ములు పుట్టుకతోనే వస్తయి.
మాఘం దాటిందంటే ధర్మాబాద్ గంజ్ అంతా ఎరుపు:
గోనె సంచుల మీద, హమాలీల కనురెప్పల మీద,
ఆఖరికి పోస్టాఫీసు మెట్ల మీద పండుకున్న పిల్లి మీసాల మీద.
ఇసొంటి ఊర్ల నేను
పొద్దుగూకే యాళ్లకు ఒక గిన్నెడు పచ్చదనం తయారుచెయ్యాలె.

స్టేషన్ రోడ్డు మీద మా బండి.
ఆలు వడ, మిర్చి బజ్జీ, కాందా భజే.
నూనె పని నాది, చట్నీ పని సట్వవ్వది,
కిందటేడు దాకా.
ఇప్పుడామె సేటు గోదాముల మిరపకాయలకు తొడిమలు తీస్తది,
కిలోకింత అని.
ఇంటికొచ్చేటప్పుడు రెండు చేతులూ
ఒంటికి దూరంగా పట్టుకొని నడుస్తది,
ఎవలివో చేతులు అడుక్కొని తెచ్చినట్టు.
కొబ్బరినూనె అయింది, చల్ల అయింది, పొయ్యిల బూడిద అయింది.
నిద్రపోతే తగ్గుతది ఆ మంట.
నిద్రపోనియ్యదు.

గందుకే ఆమె గడప మీద, నేను లోపల.
నోరు ఆమెది, చేతులు నావి.

"ముక్తాబాయి దగ్గరనే తెచ్చినవా? కట్ట ఎంతన్నది?"
పదన్నది.
"మరాఠీల అడిగితే ఎనిమిది. తెలుగుల అడిగితే పది.
ఇన్నేండ్లయింది, ఇంక తెల్వదా నీకు?"

కొత్మీర కడిగిన. మూడో నీళ్లకు గాని మట్టి వదల్లే.
"కాడలు పారేయకు, వాసన ఆడనే ఉంటది.
పుదీన కాడలు పారెయ్, చేదు.
అల్లం గోరంత. నీ గోరు కాదు, నా గోరు.
పుట్నాలు పిడికెడు, లేకుంటే
ఆకొక దిక్కు నీళ్లొక దిక్కు పోతయి, మా తోటికోడళ్ల లెక్క."
జీలకర్ర. ఉప్పు. చిటికెడు చక్కెర.
చెరుకురసం గణపత్ ఇచ్చిన ఐసుముక్క ఒకటి,
మిక్సీ వేడికి ఆకు నల్లవడొద్దని.

మిరపకాయలు ఎనిమిది, పక్కకు పెట్టిన.
తొడిమ గిల్లితే టిక్కుమన్నది.
ఇంకోటి. టిక్కు.
ఈ చప్పుడు ఆమె పొద్దంతా ఎన్నిసార్లు వింటదో
లెక్కగడుదామనుకున్న.
ఐదో కాయ కాడ ఆగిపోయిన.

ఏం బుద్ధి పుట్టిందో,
మిరపకాయలు ఎయ్యకముందే మిక్సీ తిప్పి
చిన్న గిన్నెల ఇంత తీసిన.

"ఏందిది?"
నీకే. కారం లేదు.
చెంచా పట్టుకోరాదు గదా, నేనే నోట్లె పెట్టిన.
నమిలింది. మింగింది. గోడ దిక్కు చూసింది.
"పక్కింటి బర్రెకు పెట్టు," అన్నది.

నేను నవ్వలే. ఆమె నవ్వలే.
కొంచెం సేపటికి,
"గోదాముల మిర్చి సేటుది.
ఈ గిన్నెల మిర్చి నాది.
నా దాంట్లకెల్లి తీసుడేంది నువ్వు?"

మిగిలిన మూడింటి తొడిమలు గిల్లిన.
ఎనిమిది ఏసిన. ఇంకోటి ఎయ్యమన్నది, ఏసిన.
నిమ్మకాయ పిండిన.
ఇప్పుడు చెంచా నోట్లె పెడితే కండ్లు మూసుకున్నది,
ముక్కు కారింది, చెవులు ఎర్రవడ్డయి,
"ఆ," అన్నది.
ఒక్క అక్షరం. గంతే.

బాసర దిక్కు నుంచి బండి వచ్చే యాళ్లకు మూకుడు కాగింది.
దిగంబర్ మాస్తరు ఎప్పటి లెక్కనే
ఒక్క వడకు మూడుసార్లు చట్నీ అడిగిండు.
కాగితం మీదికెల్లి కారి చొక్కా గుండీ పచ్చవడ్డది.
సట్వవ్వ డబ్బా మీద కూసొని, చేతులు గాలికి ఆరేసి,
"మాస్తరూ, మూడోసారికి పైసలు!" అని మరాఠీల కేకేసింది.

రాత్రి గిన్నెలు కడిగినంక
మరిచిపోయి కన్ను నలుసుకున్న.
తొమ్మిది కాయలూ ఒక్కసారే లేచినయి.
తొక్కులాడుతుంటే ఆమె దగ్గరికొచ్చింది,
ఇగ నవ్వింది, పొట్ట పట్టుకోరాక వంగి వంగి నవ్వింది.
నవ్వయినంక
రెండు చేతులూ వెనుకకు పెట్టుకొని
నా కంట్ల ఊదింది.